కిల్లారికి ముందు ఏం జరిగింది? మట్టి పొరల్లో పాత భూకంపాల వెతుకులాట

1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల పల్లెల్లో జనం వినాయక నిమజ్జనం సందడి ముగించుకుని గాఢనిద్రలో ఉన్నారు. నేల ఊగింది కొద్ది క్షణాలే. రాళ్ళు పేర్చి మట్టితో అతికిన గోడలు, వాటిపైన మందంగా మట్టి పరిచిన కప్పులు ఉన్నపళంగా కూలిపోయాయి. దాదాపు పదివేలమంది చనిపోయారు. కిల్లారి అనే ఊరి పేరు దేశమంతా తెలిసింది. రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో కూడా ఆ కుదుపు తెలిసింది.

భూకంపం తీవ్రత 6.2. జపాన్‌లోనో చిలీలోనో అయితే అంత పెద్దదిగా లెక్కపెట్టరు. కానీ అప్పటి భారత భూకంప ప్రమాద పటంలో కిల్లారి ఉన్నది జోన్-1లో. దేశం మొత్తంలో అతి తక్కువ ప్రమాదం ఉన్న ప్రాంతాల్లో అదొకటన్నమాట.

పటం గీసినవాళ్ళు అజాగ్రత్తగా గీశారని అనలేం. వాళ్ళ చేతిలో ఉన్న ముఖ్యమైన ఆధారం తెలిసిన భూకంపాల జాబితా. భూకంపాలు వచ్చినచోట రంగు ముదురుగా, వచ్చిన దాఖలా లేనిచోట లేతగా పడింది. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కొయ్నాలో భూకంపం వచ్చింది, 1970లో పటం మారింది. కిల్లారి, భుజ్ భూకంపాల తర్వాత 2002లో మళ్ళీ మారింది, ఈసారి జోన్-1 అన్నదాన్నే ఎత్తేశారు. అంటే ముందు భూకంపం నడిచింది, దాని వెనక పటం నడిచింది. ఈ వరస తిరగబడాలంటే మనిషి జ్ఞాపకం కన్నా, శాసనాల కన్నా, తాళపత్రాల కన్నా పాతదైన రికార్డు ఒకటి కావాలి. ఆ రికార్డు మట్టిలో ఉంది. దాన్ని తవ్వి చదివే శాస్త్రమే పురాభూకంప శాస్త్రం.

యంత్రాల సాక్ష్యం ఎంత చిన్నదో చూస్తే దీని అవసరం తెలుస్తుంది. 1897లో షిల్లాంగ్ ప్రాంతంలో మహా భూకంపం వచ్చాక, 1898లో కలకత్తాలోని అలీపూర్‌లో దేశంలోనే తొలి భూకంప నమోదు కేంద్రం పెట్టారు. అప్పటినుంచి లెక్కేసినా మన యంత్రాల వయసు నూటముప్పై ఏళ్ళకు మించదు. మూడు వేల ఏళ్ళకో, పదివేల ఏళ్ళకో ఒక్కసారి కదిలే పగులు సంగతి ఈ నూటముప్పై ఏళ్ళ చిట్టాలో ఉంటుందని ఆశించడం, నాలుగు రోజులు చూసి ఈ ఊళ్ళో వానలే కురవవని తేల్చడం లాంటిది.

పగులు అంటే ఏమిటో సింగరేణి గనుల్లో పనిచేసేవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. తవ్వుకుంటూ పోతున్న బొగ్గు పొర ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఎదురుగా ఉత్త రాయి కనిపిస్తుంది. అదే పొర కొన్ని మీటర్లు పైనో కిందో మళ్ళీ దొరుకుతుంది. మధ్యలో రాయి విరిగి, విరిగిన రెండు పక్కలూ ఒకదానిమీద ఒకటి జారాయి. గనుల్లో దాన్ని ఫాల్ట్ అంటారు, పాఠ్యపుస్తకాల్లో భ్రంశం అంటారు. ఇలాంటివి రాతినేలల్లో లెక్కలేనన్ని. చాలావరకు కోట్ల ఏళ్ళ కిందట కదిలి, ఆ తర్వాత చల్లబడిపోయినవే. ప్రమాదం వాటివల్ల కాదు, వాటిలో ఇంకా ప్రాణం ఉన్న కొద్దిపాటివాటితోనే.

ఏది బతికి ఉందో తేల్చేదెలా? రాయి విరగడం ఒక్కటే చూస్తే చాలదు, రాయిమీద ఇటీవల పేరుకున్న మట్టి కూడా విరిగిందా అన్నది చూడాలి. 1971లో లాస్ ఏంజెలెస్ శివారులో శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చాక, కాలిఫోర్నియా 1972లో ఒక చట్టం చేసింది. సుమారు గత 11 వేల ఏళ్ళలో నేలను చీల్చిన భ్రంశాన్ని క్రియాశీలమైనదిగా గుర్తించి, దానిమీద మనుషులు నివసించే కట్టడాలు కట్టనివ్వరు. ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన కదిలే కాలిఫోర్నియాకు ఆ గడువు సరిపోతుంది. దక్కన్ లాంటి నిదానపు నేలకు అది చాలా పొట్టి కొలత. ఇక్కడ యాభైవేల ఏళ్ళు మౌనంగా ఉన్న పగులును కూడా చచ్చిందని రాసేయడానికి లేదు.

వెతుకులాట కందకంతో మొదలవదు, కళ్ళతో మొదలవుతుంది. చదునైన నేలలో కారణం కనిపించని చిన్న గట్టు, తిన్నగా పారుతూ వచ్చి ఒకేచోట పక్కకు మళ్ళిన వాగులు, ఒకే గీతమీద వరసగా పుట్టిన ఊటలు, నదికి ఒక ఒడ్డున మాత్రమే పైకి లేచిన పాత ఒండ్రు మెట్టలు. ఇవన్నీ కింద ఏదో కదిలిందని చెప్పే గుర్తులు. కాలిఫోర్నియాలో శాన్ ఆండ్రియాస్ భ్రంశాన్ని దాటే వాలెస్ క్రీక్ అనే వాగు సుమారు 130 మీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. ఆ జరుగుడుకు 3,700 ఏళ్ళు పట్టిందని లెక్క తేలింది. భాగిస్తే ఏడాదికి సుమారు 35 మిల్లీమీటర్ల చొప్పున. ఇప్పుడు విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుపల్లాలు కొలుస్తున్నారు. లెక్కల్లో చెట్లను తీసేసి అడవి కింద ఉన్న నేలను మాత్రమే చూడొచ్చు కాబట్టి, గుబురు పొదల్లో దాక్కున్న అరమీటరు గట్లు కూడా బయటపడుతున్నాయి.

గట్టు దొరికాక దానికి అడ్డంగా కందకం తవ్వుతారు. ఎక్కడ పడితే అక్కడ తవ్వితే ఫలితం ఉండదు. ఏటా వరద వచ్చి మేట వేసే చోటు కావాలి, ఎందుకంటే మేట వేసిన ప్రతి పొరా ఒక తేదీ. కొట్టుకుపోయే చోట పొరలే మిగలవు. కందకం పది, ఇరవై మీటర్ల పొడవు, మూడు నాలుగు మీటర్ల లోతు ఉంటుంది. గోడలు కూలకుండా దన్ను పెడతారు, లేదా మెట్లు మెట్లుగా తవ్వుతారు. పొక్లెయిన్ పళ్ళు గీసిన మరకలు పోయేదాకా తాపీలతో, బ్రష్‌లతో గోడను గీకి నునుపు చేస్తారు. మేకులు కొట్టి దారాలు కట్టి గోడంతా చదరపు గళ్ళుగా విడదీస్తారు. తర్వాత ఒక్కో గడిలో ఉన్న ప్రతి పొరనూ, ప్రతి గులకరాయినీ, ప్రతి పగులునూ కాగితం మీదికి ఎక్కిస్తారు. రోజుల తరబడి సాగే పని. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే గోడ ముందు నిలబడి ఒక గీత దగ్గర గంటసేపు వాదించుకోవడం మామూలే, ఆ వాదన జరగాల్సిందే.

చదివే సూత్రం మాత్రం సులువు. పగులు కింది పొరలను కోసుకుంటూ పైకి వచ్చి ఒకచోట ఆగిపోతుంది. దానిమీద ఉన్న పొర చెక్కుచెదరకుండా పరుచుకుని ఉంటుంది. అంటే తెగిన పొరల్లో చివరిది పడ్డాక, తెగని పొరల్లో మొదటిది పడేలోపు భూకంపం వచ్చింది. ఇంకో సాక్ష్యం కూడా ఉంటుంది. భూకంపంలో ఒక పక్క ఒక్కసారిగా పైకి లేస్తే నిట్టనిలువు గట్టు ఏర్పడుతుంది. వానలకు, గాలికి ఆ గట్టు అంచు విరిగి కింద కుప్పపడుతుంది. గట్టు వైపు మందంగా ఉండి, దూరం పోయేకొద్దీ పలచబడే ఆ మట్టికుప్ప గోడలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకదానిమీద ఒకటి మూడు కుప్పలు కనిపిస్తే, కనీసం మూడు భూకంపాలు.

తేదీ చెప్పేది ఎక్కువగా బొగ్గు ముక్కలే. పాతకాలపు కార్చిచ్చుల్లో, పొయ్యిల్లో కాలి వరదతో కొట్టుకొచ్చిన చిన్న చిన్న నలుసులు. వాటిలోని కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్ళకు సగం తరిగిపోతుంది. మిగిలినదాన్ని కొలిస్తే సుమారు యాభైవేల ఏళ్ళ వరకు వయసు చెప్పొచ్చు. ఇక్కడొక చిక్కు ఉంది. బొగ్గు ముక్క వయసు చెట్టు వయసు, మట్టి పొర వయసు కాదు. వెయ్యేళ్ళ కిందటి బొగ్గు నిన్నటి వరదలో కొట్టుకొచ్చి ఉండొచ్చు. అందుకే ఒక్క ముక్కను నమ్మి తేదీ రాసేవాళ్ళను మిగతావాళ్ళు నమ్మరు. బొగ్గు దొరకనిచోట ఇసుక రేణువులే గడియారాలు. క్వార్ట్‌జ్ రేణువు చివరిసారిగా ఎండ చూసినప్పటినుంచి, చుట్టూ ఉన్న మట్టి నుంచి వచ్చే రేడియోధార్మిక శక్తిని తనలో దాచుకుంటూ పోతుంది. ప్రయోగశాలలో వెలుగు తాకించగానే దాన్ని సన్నని కాంతిగా వదిలేస్తుంది. ఆ కాంతిని కొలిచి, రేణువు ఎన్నేళ్ళుగా చీకట్లో ఉందో చెబుతారు. ఎండ తగిలితే లెక్క మళ్ళీ సున్నా అవుతుంది కాబట్టి, ఇనప గొట్టాన్ని గోడలోకి దిగ్గొట్టి, వెలుగు పడకుండా మూతలు బిగించి నమూనా తీస్తారు.

ఈ పద్ధతికి ప్రాణం పోసింది లాస్ ఏంజెలెస్ దగ్గరి పాలెట్ క్రీక్. 1970ల్లో కెరీ సీ అనే యువ భూగర్భ శాస్త్రవేత్త అక్కడి బురదనేల పొరల్లో శాన్ ఆండ్రియాస్ భ్రంశం చరిత్ర చదివారు. 1857 నాటి ఫోర్ట్ తెహోన్ భూకంపానికి ముందు ఏ రాతలోనూ లేని భూకంపాలు ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. తర్వాతి పరిశోధనలో గత పదమూడు వందల ఏళ్ళలో పది భూకంపాలు తేలాయి. సగటున నూటముప్పై ఏళ్ళకొకటి. అయితే సగటుకన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఆ భూకంపాలు వరసగా, సమాన ఎడంతో రాలేదు. రెండు మూడు దగ్గర దగ్గరగా వచ్చాయి, ఆ తర్వాత రెండు మూడు శతాబ్దాల మౌనం, మళ్ళీ ఇంకో గుంపు. గడువు దాటింది కాబట్టి రేపే వస్తుంది, నిన్ననే వచ్చింది కాబట్టి ఇక రాదు అనే రెండు మాటలూ ఇక్కడ చెల్లవు.

కందకానికి కనిపించనివీ ఉన్నాయి. 2001 జనవరి 26 ఉదయం కచ్ఛ్‌లో 7.7 తీవ్రతతో వచ్చి దాదాపు ఇరవైవేలమందిని బలితీసుకున్న భుజ్ భూకంపంలో అసలు భ్రంశం నేలపైకి రాలేదు. లోపలే విరిగి ఆగిపోయింది. అదే కచ్ఛ్‌లో 1819 జూన్ 16న వచ్చిన భూకంపం ఉప్పునేలను దాదాపు 80 కిలోమీటర్ల పొడవున కొన్ని మీటర్లు పైకి ఎత్తి గట్టులా నిలబెట్టింది. నీళ్ళకు అడ్డంగా దానంతటదే లేచిన ఆ కట్టను జనం అల్లాహ్ బంద్ అన్నారు. సింద్రీ కోట నీట మునిగింది. ఒకే ప్రాంతం, దాదాపు ఒకే తీవ్రత. ఒకటి నేలమీద గీత గీసింది, రెండోది గీయలేదు. 2015 ఏప్రిల్ 25 నాటి నేపాల్ భూకంపం కూడా 7.8 తీవ్రత ఉండి కూడా పైకి చీల్చుకురాలేదు. వెయ్యేళ్ళ తర్వాత అక్కడ కందకం తవ్వేవాళ్ళకు 2015 దొరకదు. కందకంలో తేలిన లెక్కను ఎప్పుడూ కనీసపు లెక్కగానే చదవాలి.

హిమాలయాల్లో ఈ పొరపాటు చాలాకాలం సాగింది. 1934 జనవరి 15 నాటి బిహార్–నేపాల్ మహా భూకంపం నేలను చీల్చలేదని దశాబ్దాలపాటు అనుకున్నారు. నేపాల్ తరాయి అంచున సిర్ ఖోలా అనే నది ఒడ్డున పొరలు తవ్వి చూస్తే అది చీల్చినట్టే తేలింది. 2013లో ఆ ఫలితం అచ్చయింది. అంతకు ముందు అక్కడే ఇంకో చీలిక కనిపించింది, అది క్రీ.శ. 1255 నాటిది. ఆ ఏడాది కాఠ్మాండూ లోయలో వచ్చిన భూకంపంలో రాజు అభయ మల్ల చనిపోయినట్టు వంశావళులు చెబుతున్నాయి. రాజుల చరిత్ర రాసినవాళ్ళకు రాజు మరణం తెలిసింది, ఏ నేల చీలిందో తెలియలేదు. ఏడున్నర శతాబ్దాల తర్వాత ఆ రెండు ముక్కలూ కలిశాయి. భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపెంకు ముక్క, హిమాలయాల కిందికి ఏడాదికి సుమారు 20 మిల్లీమీటర్ల చొప్పున చొచ్చుకుపోతోంది. ఐదు వందల ఏళ్ళు కదలకుండా బిగుసుకున్న ముక్కలో పది మీటర్ల బాకీ పేరుకుని ఉంటుందన్నది సాదా గుణకారం. ఎక్కడెక్కడ ఎంత బాకీ తీరిందో చెప్పేది మాత్రం కందకమే.

పగులు సముద్రం అడుగున ఉంటే తవ్వేది తీరంలో. జపాన్‌లోని సెందాయ్ మైదానంలో వరిమళ్ళ కింద, తీరానికి కిలోమీటర్ల దూరం వరకు ఒక సముద్రపు ఇసుక పొర ఉంది. అది క్రీ.శ. 869లో వచ్చిన జోగాన్ సునామీ తెచ్చి పరిచినది. ఆ ఇసుకను శాస్త్రవేత్తలు 1980ల నుంచే చదువుతూ వచ్చారు, 2009లో ఫుకుషిమా అణు కేంద్రం భద్రతపై జరిగిన అధికారిక చర్చలో ఒక భూకంప శాస్త్రవేత్త దాన్ని గట్టిగా ప్రస్తావించారు కూడా. 2011 మార్చి 11న నీళ్ళు మళ్ళీ అదే మైదానంలోకి వచ్చాయి. మట్టి చెప్పాల్సింది చెప్పింది. వినడానికి రెండేళ్ళ గడువు కూడా దొరికింది. ఈ శాస్త్రం చరిత్రలో ఇంతకన్నా బాధపెట్టే ఘట్టం లేదు. 2004 డిసెంబరు సునామీ మన కోస్తా దాకా వచ్చినప్పుడు బంగాళాఖాతంలో ఇలాంటిది కనీవినీ ఎరగమన్నారు. తర్వాత థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో తవ్వితే, 2004 ఇసుక కింద సుమారు ఆరు వందల ఏళ్ళ నాటి అలాంటి ఇసుకే ఇంకో పొర కనిపించింది.

ఇక మళ్ళీ దక్కన్‌కు. కిల్లారిలో భూకంపం తర్వాత చేలలో మీటరు కూడా లేని ఎత్తున, తెగుతూ అతుకుతూ ఒక కిలోమీటరు మేర చిన్న గట్టు లేచింది. ఏడాది ముందునుంచే అక్కడ చిన్న చిన్న కుదుపులు వస్తున్నాయి, ఊళ్ళో జనం ఆందోళన పడుతూనే ఉన్నారు. అసలు ప్రశ్న ఇది: ఆ పగులు 1993లో కొత్తగా పుట్టిందా, పాతదే మళ్ళీ తెరుచుకుందా? కొత్తదైతే దక్కన్‌లో ఎక్కడ ఏది పగులుతుందో చెప్పలేం. పాతదైతే వెతికే దారి ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ కిల్లారిలో 617 మీటర్ల లోతు బోరు వేసింది. 338 మీటర్లు నల్లరాయి, అంటే 6.6 కోట్ల ఏళ్ళ నాటి దక్కన్ లావా. దానికింద 8 మీటర్ల అవక్షేపం, అంటే లావా రాకముందు పేరుకున్న మేట, ఆ కింద అన్నిటికన్నా పాతదైన ఆదిమ శిల. గట్టుకు ఇరుపక్కలా వేసిన బోర్లలో అవే లావా పొరలు ఎత్తు తేడాతో కనిపించాయి, అదీ కొన్ని మీటర్ల తేడా. ఒక్క 6.2 భూకంపం అంత తేడా తేలేదు. అంటే ఈ పగులు ఇంతకుముందూ కదిలింది. అక్కడికి వాయవ్యాన ఉన్న తేర్ అనే ఊరు మరో సాక్ష్యం ఇచ్చింది. శాతవాహనుల కాలంలో తగర పేరుతో వెలిగిన వర్తక పట్టణమది. అక్కడి పాత ఇటుక కట్టడాల్లో, నదీతీరపు మట్టి పొరల్లో కనిపించిన వంపులను బట్టి సుమారు పదిహేను వందల ఏళ్ళ కిందట ఒక భూకంపం వచ్చిందని పరిశోధకులు ప్రతిపాదించారు. ఒక్క ఊరి సాక్ష్యంతో తీర్పు చెప్పలేం. అయినా దక్కన్ ఎప్పుడూ కదలలేదన్న నమ్మకానికి ఆ ఇటుకలు గట్టిగానే అడ్డం నిలబడ్డాయి.

నిదానపు నేలల స్వభావం ఎంత విచిత్రమో రెండు ఖండాల ఉదాహరణలు చెబుతాయి. 1988 జనవరి 22న ఆస్ట్రేలియా నడిబొడ్డున టెన్నంట్ క్రీక్ దగ్గర పన్నెండు గంటల్లో మూడు పెద్ద భూకంపాలు వచ్చి, ముప్పై కిలోమీటర్లకు పైగా నేలను చీల్చాయి. కందకాలు తవ్వితే, అంతకుముందు వేలాది ఏళ్ళుగా అక్కడ ఏ చీలికా లేదని తేలింది. అమెరికాలోని ఓక్లహోమాలో మీర్స్ భ్రంశం దీనికి తలకిందులు. చరిత్రలో దానిమీద చెప్పుకోదగ్గ భూకంపం లేదు, యంత్రాల్లోనూ నిశ్శబ్దమే. కందకం మాత్రం వెయ్యి నుంచి పదమూడు వందల ఏళ్ళ కిందట అది నేలను చీల్చిందని చూపించింది. ఒకటి ఎన్నాళ్ళో ఊరుకుని ఉన్నట్టుండి లేచింది, ఇంకోటి నిన్నమొన్న లేచి ఏమీ ఎరగనట్టు పడుకుంది. యంత్రాలు పెట్టి చిన్న కుదుపులు లెక్కపెట్టినంత మాత్రాన మీర్స్ లాంటిదాన్ని పట్టుకునేవాళ్ళం కాదు.

మరి ఇక్కడ తవ్వకాలు ఎందుకంత తక్కువ? డబ్బు, మనుషుల కొరత సరే. మట్టితోనే పెద్ద చిక్కుంది. దక్కన్‌లో విస్తారంగా ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పైమట్టి నెర్రెల్లో పడుతుంది, మళ్ళీ తడికి ఉబ్బినప్పుడు కిందిది పైకి తోసుకొస్తుంది. రైతు దున్నకపోయినా రేగడి తనను తానే దున్నుకుంటుందని పల్లెల్లో అనేది ఇందుకే. ఆ దున్నుడులో పొరలు కలగలిసిపోతాయి, భూకంపం రాసిన గీత చెరిగిపోతుంది. పైగా ఉబ్బిన మట్టి గడ్డలు ఒకదానికొకటి రాసుకుని నున్నటి, మెరిసే తలాలు ఏర్పడతాయి. భ్రంశం మీద రాయి రాయిని రాసుకున్నప్పుడు ఏర్పడే నునుపు కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. తొందరపడితే వానాకాలం చేసిన పనిని భూకంపం ఖాతాలో రాసేస్తాం. అందుకని ఇక్కడ రేగడిని వదిలి నదుల ఒండ్రును ఆశ్రయించాలి.

తెలుగు నేలలో ఆ ఒండ్రు పుష్కలంగా ఉన్నది, భూకంపాల చరిత్ర ఉన్నది ఒకేచోట: గోదావరి లోయలో. ముప్పై కోట్ల ఏళ్ళ కిందట కుంగడం మొదలుపెట్టి, బొగ్గును కడుపున దాచుకున్న లోయ అది. దాని అంచుల్లో కడెం, కిన్నెరసాని–గోదావరి భ్రంశాల లాంటివి పటాల్లో గుర్తించి ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కుదుపు హైదరాబాద్, విజయవాడల్లో కూడా తెలిసింది. కోస్తాలో 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 నమోదైంది. ఈ మూడింటిలో ఏదీ నేలను చీల్చే స్థాయిది కాదు. మామూలుగా ఆరు దాటితే తప్ప చీలిక పైకి రాదు. కాబట్టి ములుగు భూకంపం కోసం కందకం తవ్వి లాభం లేదు. ఆ లోయ ఎప్పుడైనా ఆరున్నరో ఏడో తీవ్రతతో కదిలిందా అన్నదే కందకాన్ని అడగాల్సిన ప్రశ్న. జవాబు లేదనే వచ్చినా అది పనికొచ్చే జవాబే. భద్రాచలం చుట్టుపక్కల వంతెనలు, విద్యుత్ కేంద్రాలు, ఆనకట్టలు ఎంత బలంగా కట్టాలో చెప్పేది ఆ జవాబే.

కొత్తగా కందకాలు తవ్వే ఖర్చు లేకుండానే కొన్ని గోడలు ఇక్కడ రోజూ తెరుచుకుంటున్నాయి. ఎత్తిపోతల పథకాల కాలువలు, రహదారుల కోతలు, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు. ఏ కందకమూ చేరలేని పొడవున, లోతున అవి నేలను తెరుస్తాయి. అయితే గనిలో అన్నిటికన్నా ముందు ఎత్తి పారబోసేది పై మట్టినే, ఇటీవలి వేల ఏళ్ళ రాత ఉన్నది ఆ పై కొద్ది మీటర్లలోనే. కాలువ తవ్వాక లైనింగ్ పడేలోపు కొద్ది వారాలు ఉంటాయి. ఆ వారాల్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త తాపీ, కెమెరా పట్టుకుని ఆ గట్టు వెంట నడిస్తే, తెగిన పొర ఏదైనా ఉందో లేదో తెలుస్తుంది. కాంక్రీటు పోశాక ఆ గోడ మళ్ళీ ఎవరికీ కనిపించదు.